తుపాకీ గొట్టంలో ఉంగరం

వఫ్రా, కువైట్
12 నవంబరు 2023

బావగారికి అయ్యప్ప నమస్కరించి రాసేది.

మీ చెవులు పూర్తిగా మూతపడ్డాయని, ఫోను ఇస్తే గుయ్యిమనే మోత తప్ప ఏమీ వినపడటం లేదని అక్క చెప్పింది. ముప్పై ఏళ్ళు తుపాకుల పక్కన నిలబడిన చెవులు మరి. అందుకే ఈ ఉత్తరం. మన రాయచోటి బాబ్జాన్ ఇక్కడ పక్క తోటలకు నీళ్ళ ట్యాంకరు తోలుతాడు. వాళ్ళ మనుషులు నెలకొకరైనా ఊరికి వస్తూ పోతూ ఉంటారు. వాళ్ళ చేత పంపుతున్నాను. మీరూ వాళ్ళ చేతికే ఇవ్వండి. మీ కళ్ళకు ఆనాలని అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను.

సంగతి ఏమిటంటే, మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, అబూ నాసర్‌కు ఒక కోరిక పుట్టింది. ఆయన్ని మేమంతా బాబా అంటాం. డెబ్బై దాటిన మనిషి. ఆయన తండ్రికి పాత ఇంగ్లీషు రైఫిలు ఒకటి ఉండేదట. ఇరాక్ వాళ్ళు వచ్చినప్పుడు ఇల్లు దోపిడీ అయి అదీ పోయింది. అటువంటిదే ఒకటి కొని దీవానియాలో, అంటే మగవాళ్ళు కూర్చొని కబుర్లు చెప్పుకునే గదిలో, గోడకు పెట్టుకోవాలని ఆయన ఆశ. లైసెన్సు కాగితాలన్నీ తెచ్చుకున్నాడు. ఫహాహీల్‌లో ఎవరో ముసలాయన దగ్గర మూడు పాత మిలిటరీ రైఫిళ్ళు ఉన్నాయట. గోడకు పెట్టే ముందు షూటింగ్ రేంజిలో ఒక్కసారైనా తన చేత్తో పేల్చాలంటాడు.

"నువ్వు పోలీసువి కదా అయ్యప్పా, నువ్వే చూసి చెప్పు" అని నా వెంట పడ్డాడు. నేను పోలీసునైతే ఇక్కడ టమాటాలకు నీళ్ళెందుకు పెడతాను? తొంభై ఎనిమిదిలో నా చేతిలో త్రీనాట్‌త్రీ రైఫిలు పగిలిన సంగతి ఆయనకు ఎప్పుడో చెప్పాను. ముందురోజు శుభ్రం చేసిన గుడ్డను గొట్టంలోనే మరిచిపోయానని, దాంతో కుడికన్ను, ఉద్యోగం రెండూ పోయాయని చెప్పాను. నా మతిమరుపు నమ్ముకోవద్దన్నాను. ఆయన వినడు. ఇక చేసేది లేక మీ పేరు చెప్పాను. "మా బావ పోలీసు తుపాకులు చూసే ఆర్మరర్. ఆయన చేతి మీదుగా పోని తుపాకీ లేదు" అన్నాను. "అయితే ఆయన్నే అడుగు" అన్నాడు బాబా.

కాబట్టి అడుగుతున్నాను. పాత రైఫిలు కొనేటప్పుడు గొట్టం బాగుందో లేదో ఎలా చూడాలి? నాకు పాఠం చెప్పినట్టు చెప్పండి. అక్కకు నా నమస్కారాలు.

మీ
అయ్యప్ప


లక్కిరెడ్డిపల్లె
3 డిసెంబరు 2023

చిరంజీవి అయ్యప్పకు సిద్ధయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం బాబ్జాన్ తమ్ముడు తెచ్చి ఇచ్చాడు. ఇన్నేళ్ళ తర్వాత నువ్వు తుపాకీ ఊసు ఎత్తుతావని అనుకోలేదు. ఈ పని ఇంకెవరికైనా అప్పగించమని మీ బాబాతో చెప్పి ఉంటే బాగుండేది. అడిగావు కాబట్టి చెబుతాను.

చేతికి రాగానే ముందు అది ఖాళీదో కాదో చూడు. అమ్మేవాడు ఖాళీ అని ఒట్టేసినా సరే. మ్యాగజైను తీసి, బోల్టు వెనక్కి లాగి, గుండు కూర్చునే చాంబరులో చిటికెనవేలు పెట్టి తడుము. తర్వాత బోల్టు పూర్తిగా ఊడదీసి దాని నంబరూ బాడీ నంబరూ ఒకటేనా చూడు. వేరువేరైతే అది వేరే రైఫిలు నుంచి తెచ్చి తగిలించిన బోల్టు. గేజి పెట్టి కొలిచే మనిషికి చూపించకుండా అలాంటిది పేల్చకూడదు.

ఇక గొట్టం. అమ్మేవాళ్ళు దాని నిండా నూనె పూసి చూపిస్తారు. నూనెలో తుప్పు గుంటలు మునిగిపోయి అద్దంలా మెరుస్తుంది. అందుకని పొడిగుడ్డ లాగాలి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా లాగు. అప్పుడు మూతి దగ్గర ఎవరిచేతనైనా తెల్లకాగితం పట్టించి బోల్టు వైపు నుంచి చూడు. ఎండకేసి నేరుగా చూడొద్దు, ఆ వెలుతురులో అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. లోపల ఐదు గాడులు మెలి తిరిగి కనపడాలి. గాడికీ గాడికీ మధ్య ఉండే గట్ల అంచులు పదునుగా ఉండాలి. సాలు మీద వాన కురిసినట్టు అంచులు కరిగిపోయి ఉంటే ఆ గొట్టం ఆయుష్షు అయిపోయింది. సన్నటి మచ్చలుంటే పరవాలేదు. చాంబరు ముందు లోతైన గుంటలుంటే వదిలెయ్యి. పాతకాలం మందులో ఉప్పు ఉండేది. పేల్చిన రోజే వేడినీళ్ళతో కడగని గొట్టాన్ని అది తినేస్తుంది.

మూతి కూడా చూడు. పేలని డమ్మీ గుండు ఉంటే దాని మొన మూతిలో దించు. ఎంత లోపలికి దిగితే అంత అరిగిందని లెక్క. శుభ్రం చేసే తాడు ఒకే వైపు రాసుకొని మూతి కోలగా అరిగిన రైఫిళ్ళు చాలా చూశాను. అవి ప్రమాదం కాదు, గురి మాత్రం ఉండదు.

ఇంతే. గుడ్డ గురించి భయపడవద్దు. లాగిన గుడ్డ బయటికి వస్తుంది.

మీ అక్క బాగుంది. మోకాళ్ళ నొప్పులు మామూలే.

ఇట్లు
సిద్ధయ్య


వఫ్రా
9 జనవరి 2024

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం జేబులో పెట్టుకొని మొన్న ఫహాహీల్ వెళ్ళాను. బాబా తన కార్లోనే తీసుకుపోయాడు. అమ్మే పెద్దాయన మంచివాడు. తివాచీ మీద దుప్పటి పరిచి మూడు రైఫిళ్ళూ వరుసగా పడుకోబెట్టాడు. టీ ఇచ్చాడు. నేను మీ ఉత్తరం తీసి చదువుతూ ఒక్కొక్క పని చేస్తుంటే ఇద్దరు ముసలివాళ్ళూ డాక్టరును చూసినట్టు చూశారు.

ఒంటి కన్ను ఈ పనికి అడ్డు కాలేదు బావా. గొట్టంలోకి చూడాలంటే ఎవరైనా ఒక కన్ను మూసుకోవాల్సిందే. నాకు ఆ శ్రమ లేదు.

మొదటిదాంట్లో గుడ్డ ఎన్నిసార్లు లాగినా ఎర్రగానే వచ్చింది. చాంబరు ముందు గుంటలు, మశూచి పోసిన మొహంలా. అది వద్దన్నాను. మూడోది చూడటానికి బాగుండదు. చెక్క చెక్కుకుపోయింది, మూతిలో గుండు చాలా లోపలికి దిగింది. లోపల మాత్రం శుభ్రంగా ఉంది.

రెండోది చెప్పాలి. నంబర్లు కలిశాయి. గాడులు పదును. మూతి కొత్తదానిలా ఉంది. బాబా దాన్ని ఒళ్ళో పెట్టుకొని పసిబిడ్డను నిమిరినట్టు నిమిరాడు. "ఖలాస్, ఇదే" అన్నాడు. నాకూ నచ్చింది. ఒక్కటే అనుమానం. మూతి నుంచి లోపలికి రెండు జానల దూరంలో, గొట్టం చుట్టూ సన్నటి నల్లటి గీత. లోపల గాజు తొడిగినట్టు, ఉంగరం పెట్టినట్టు. నూనె మరక అనుకొని గుడ్డ లాగాను. పోలేదు. కాగితం అటూ ఇటూ జరిపించాను. నీడ అయితే కదలాలి కదా, అది కదల్లేదు. దీని గురించి మీరు ఏమీ రాయలేదు కాబట్టి పెద్ద విషయం కాదనుకున్నాను. అయినా అడుగుతున్నాను. దాన్ని చూసినప్పటి నుంచి మనసులో ఏదో గుచ్చుకుంటోంది, ఎందుకో చెప్పలేను.

బాబా మాట ఇచ్చేశాడు. కాగితాలు మారడానికి మూడు వారాలు పడుతుందట. ఫిబ్రవరి మొదట్లో రేంజికి తీసుకుపోయి తానే పేలుస్తానంటున్నాడు. ఆలోగా ఒక మాట రాయండి.

మీ
అయ్యప్ప


లక్కిరెడ్డిపల్లె
30 జనవరి 2024

అయ్యప్పా,

నీ ఉత్తరం ఈ పొద్దున చేతికందింది. ఇప్పుడే మీ అక్క చేత ఫోను చేయించాను. నువ్వు అవతల ఏమన్నావో నాకు వినపడలేదు. "సరే అన్నాడు" అని అక్క చేత్తో సైగ చేసింది. అయినా కాగితం మీద కూడా పెడుతున్నాను. ఆ రెండో రైఫిలు పేల్చవద్దు. మీ బాబాను ముట్టుకోనివ్వవద్దు.

గొట్టంలో ఏదో అడ్డం ఉండగా ఎప్పుడో ఒకసారి పేలితే, అక్కడ ఇనుము ఉబ్బుతుంది. లోపలి నుంచి చూస్తే అది నల్లని ఉంగరంలా కనిపిస్తుంది. పైన చెక్క కప్పి ఉంటుంది కాబట్టి బయటికి తెలియదు. బిగుతైన గుడ్డ లాగి చూడు. ఆ చోటికి రాగానే ఒక్కసారి వదులవుతుంది, దాటగానే మళ్ళీ బిగుసుకుంటుంది. అలాంటి గొట్టం నూరుసార్లు పేలినా ఏమీ కాకపోవచ్చు. నూట ఒకటోసారి చీలిపోవచ్చు.

మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది. రాయలేదు.

సిద్ధయ్య


వఫ్రా
18 ఫిబ్రవరి 2024

బావగారికి,

అక్క ఫోను వచ్చినప్పుడు నేను దోసకాయల షెడ్డులో ఉన్నాను. "రేయ్ అయ్యప్పా, మీ బావ వణికిపోతాండాడు రా. ఆ రెండోదాన్ని పేల్చనీయాకు అని చెప్పమంటాండాడు. ఏమైందో నాకేం చెప్పడంల్యా, నీళ్ళు గూడా తాగల్యా" అంది. ఒక తుపాకీ గురించి మీరు అంతగా వణకడం ఏమిటా అనుకున్నాను.

బాబాతో చెప్పాను. ఆయన మొదట నమ్మలేదు. "మీ బావ అక్కడుండి ఎలా చూశాడు?" అన్నాడు. ఫహాహీల్ వెళ్ళి పై చెక్క విప్పించి గొట్టం మీద వేళ్ళు నడిపించాను. సరిగ్గా ఆ చోట వేలికి తగిలింది. గోరంత ఉబ్బు. బాబా తన వేలు పెట్టి చాలాసేపు అక్కడే ఉంచాడు. తర్వాత నా తల మీద చెయ్యి వేశాడు. అమ్మిన పెద్దాయన కూడా నొచ్చుకొని, తనకు తెలియదని చెప్పి, మూడోది ఇస్తానన్నాడు. ఆ పని అలా ముగిసింది.

నా పని ముగియలేదు.

మీరు చెప్పినట్టు బిగుతైన గుడ్డ కట్టి లాగి చూశాను. బిగుతుగా వస్తూ వస్తూ ఒకచోట జర్రుమని వదులైంది. మళ్ళీ బిగిసింది. తర్వాత బయటికి వచ్చింది. బావా, ఆ వదులు నా చేతికి తెలుసు. ఇదివరకు ఒకసారి నా చేతికి తగిలిందది. 

ఫైరింగుకు ముందురోజు సాయంత్రం తుపాకులు భద్రపరిచే బెల్ ఆఫ్ ఆర్మ్స్ అరుగు మీద కూర్చొని నా రైఫిలు శుభ్రం చేశాను. గుడ్డ లాగుతుంటే ఒకచోట వదులైంది. తాడు తెగిందేమోనని ఆగాను. మళ్ళీ లాగాను. గుడ్డ బయటికి వచ్చింది. నా అరచేతిలో పడింది. విప్పి చూశాను కూడా. ఇరవై ఆరేళ్ళుగా గుర్తురానిది, ఈ ముసలాయన తివాచీ మీద గుర్తొచ్చింది.

గొట్టంలో గుడ్డ ఉండిపోయిందని విచారణలో చెప్పింది మీరు. మీ మాట కాబట్టి నేను నమ్మాను. నమ్మి నమ్మి, గుడ్డ వదిలేసి లేచి వెళ్ళిపోయిన నన్ను నేనే చూసినట్టు కూడా అనిపించేది.

ఒక్క మాట అడుగుతాను. నా రైఫిల్లో ఉంగరం ఉండేదా? మీకు ముందే తెలుసా?

అయ్యప్ప


లక్కిరెడ్డిపల్లె
7 మార్చి 2024

అయ్యప్పా,

ఉండేది. నాకు తెలుసు.

నువ్వు అడిగావు కాబట్టి చెప్పడం కాదు. ఎవరైనా ఎప్పుడో ఒకరోజు అడుగుతారని ఇన్నేళ్ళూ ఎదురుచూశాను. నువ్వే అడుగుతావని మాత్రం అనుకోలేదు.

ఫైరింగుకు నెల ముందు నేను రైఫిళ్ళన్నీ తనిఖీ చేశాను. నీ చేతికి వచ్చిన దానిలో ఉంగరం చూశాను. దాన్ని పనికిరాదని పక్కన పెట్టాలి. ఆ వారంలోనే పైఅధికారి తనిఖీ ఉంది. అప్పటికే నాలుగు పక్కన పెట్టాను. ఐదోది కూడా పెడితే, ఇన్ని పాడయ్యేదాకా ఏం చేస్తున్నావని నన్నే అడుగుతారు. నాకు అప్పుడు హెడ్డుగా ప్రమోషన్ రావలసి ఉంది. నూనె పూసి మళ్ళీ రాక్‌లో పెట్టాను. తనిఖీ అయిపోగానే తీసేద్దాం అనుకున్నాను. తనిఖీ అయిపోయింది. నేను మరిచిపోయాను. మతిమరుపు నాది అయ్యప్పా, నీది కాదు.

ఆ రోజు రేంజిలో చప్పుడు తేడాగా వినపడగానే ఏ రైఫిలో నాకు తెలిసింది. నీ దగ్గరికి పరుగెత్తుకొచ్చిన వాళ్ళలో నేనే మొదటివాణ్ణి. చెక్క చీలిక నీ కంట్లో ఉంది. "బావా, నేనేం చేసినా?" అని అడిగావు. అప్పుడైనా చెప్పి ఉండవలసింది. రెండు రోజుల తర్వాత విచారణ. గొట్టం ఎందుకు చీలిందని అడిగారు. గుడ్డ అడ్డం పడి ఉండవచ్చన్నాను. 'ఉండవచ్చు' అన్న నా మాటను వాళ్ళు 'ఉంది' అని రాసుకున్నారు. నేను దిద్దలేదు. సంతకం పెట్టాను.

నిన్ను పోలీసుల్లో చేర్పించింది నేనే. నీకు వ్రాతపరీక్షకు పుస్తకాలు కొనిచ్చింది నేనే. నీ ఉద్యోగం తీసిందీ నేనే.

క్షమించమని రాయడానికి కలం పెట్టాను. చెయ్యి సాగలేదు. ఆ మాట అడిగే అర్హత కూడా లేదనిపించింది.

సిద్ధయ్య


వఫ్రా
21 ఏప్రిల్ 2024

సిద్ధయ్య బావా,

నీ ఉత్తరం అందిన తర్వాత నెల రోజులు నీకు ఒక్క ముక్క రాయలేకపోయాను. ఎప్పుడూ మీరు అని రాసేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట రావడం లేదు. ఏమీ అనుకోకు. అనుకున్నా సరే.

నువ్వు నా కన్ను గురించి రాశావు, ఉద్యోగం గురించి రాశావు. అవి పోయినా మనిషి బతుకుతాడు. నీకు తెలియనివి చెబుతాను.

ఈ తోటలో ఇరవై రెండేళ్ళుగా ఉన్నాను. నాకంటే వెనకొచ్చిన వాళ్ళు మేస్త్రీలయ్యారు. బాబా నన్ను మూడుసార్లు అడిగాడు. "నేను మరిచిపోయే మనిషిని, నాకు వద్దు" అన్నాను మూడుసార్లూ. నా కూతురు అరుణజ్యోతి పుట్టినప్పుడు ఆరునెలల దాకా ఎత్తుకోలేదు. ఎక్కడో కూర్చోబెట్టి మరిచిపోతానని భయం. రెడ్డెమ్మ ఏడ్చేది. నా ఒంటికన్ను చూసి బిడ్డ జడుసుకుంటుందని ఎత్తుకోవడం లేదనుకుంది. నేనూ అదే కారణమని చెప్పాను.

ఆ బిడ్డే పెరిగి కానిస్టేబుల్ వ్రాతపరీక్ష పాసయింది. దేహదారుఢ్య పరీక్షకు పిలుపు వచ్చింది. "నాయనా, నీ కాకీ బట్టలు నేను వేసుకుంటా" అని ఫోనులో ఎంత సంబరపడిందో. వద్దన్నాను. "మన రక్తంలో ఆ శ్రద్ధ లేదు. నీ చేతిలో తుపాకీ పెడితే ఎవరికో ఏదో అవుతుంది" అన్నాను. సొంత బిడ్డను అంత మాట అన్నాను బావా. అది ఆ పరీక్షకు పోలేదు. ఇప్పుడు మదనపల్లెలో కాపురం చేసుకుంటూ ఉంది. నాతో బాగానే మాట్లాడుతుంది. ఆ సంగతి మాత్రం ఎత్తదు.

నీ ఉత్తరం వచ్చాక మొదట గుర్తొచ్చింది ఆ ఫోనే.

ఇంకొకటి ఉంది. మా నాయన. ఉద్యోగం పోయి ఇంటికి వచ్చిన రోజు నుంచి ఆయన నాతో మనసిచ్చి మాట్లాడలేదు. "గుడ్డ తీయడం తెలీనోడికి తుపాకీ ఎందుకు" అని నలుగురిలో అన్నాడు. నేను కువైట్‌కు బయలుదేరినప్పుడు బస్సు దాకా రాలేదు. రెండువేల తొమ్మిదిలో ఆయన మంచం పట్టినప్పుడు ఇక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి, నా ఇఖామా, చిక్కుల్లో ఉండి రాలేకపోయాను. ఆయన తల దగ్గర ఎనిమిది రోజులు కూర్చున్నది నువ్వు. మందు పోసింది నువ్వు. కొడుకులా చూశావని అందరూ చెప్పారు. నేనూ నీకు దండం పెట్టి ఉత్తరం రాశాను.

ఆ ఎనిమిది రోజుల్లో ఒక్కసారి ఆయన చెవిలో ఆ మాట చెప్పలేకపోయావా?

అయ్యప్ప


లక్కిరెడ్డిపల్లె
19 మే 2024

అయ్యప్పా,

నువ్వు నన్ను నువ్వు అన్నందుకు నాకు బాధ లేదు. ముందు చేసిన పనులు చెబుతాను, తర్వాత నీ ప్రశ్నకు వస్తాను.

మీ అక్కకు చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ ఉంది. నా మాట అయిపోయేదాకా ఏరుతూనే ఉంది. చేట పక్కన పెట్టి లోపలికి పోయింది. ఆ రోజు నుంచి వండుతుంది, వడ్డిస్తుంది, మాట్లాడదు. చెవిటివాడికి తేడా ఏముందని నువ్వనుకోవచ్చు. పెదవులు కదలకపోవడం నాకు కనిపిస్తుంది.

తర్వాత మీ ఊరికి వెళ్ళి రెడ్డెమ్మకు చెప్పాను. నాకు వినపడదని తెలిసి ఆ తల్లి, పెదవులు చూసి అర్థం చేసుకునేలా మెల్లగా, ఒక్కొక్క మాటే చెప్పింది. "అన్నా, కన్ను పోయిన కొత్తలో ఆయన నిద్దర్లో దుప్పటి అంచు పట్టుకోని లాగతానే ఉండె. ఏంది లాగతాండావు అంటే, గుడ్డ రాలేదు, గుడ్డ రాలేదు అనేటోడు. నేను ఆ చెయ్యి పట్టుకోని పండుకుంటా ఉంటి. అన్ని రోజులూ నీకు నిద్దర ఎట్ల పట్టె?" అంది.  మదనపల్లె పోయి అరుణజ్యోతికి కూడా చెప్పాను.  నేను చెప్పిందంతా ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టమంది. పెట్టాను.

దానికి నకలు తీసి, నేను పనిచేసిన ఆఫీసుకు కూడా తీసుకుపోయాను. అక్కడ అందరూ కొత్తవాళ్ళు. ఒక పిల్ల అధికారి ఓపికగా చదివింది. "తాతా, అప్పటి కాగితాలు ఇప్పుడు ఉండవు. మీరు రిటైరయ్యారు, ఇప్పుడు మిమ్మల్ని ఎవరు ఏం చేస్తారు? ఎందుకు ఇంత దూరం వచ్చారు?" అని కాగితం మీద రాసి చూపించింది. నన్ను ఏదో ఒకటి చేస్తారనే వెళ్ళాను. మంచినీళ్ళు ఇచ్చి, నా కాగితం తీసుకొని, అందినట్టు ముద్ర వేసి పంపించారు. ముద్ర వేసిన నకలు దీంతో పెడుతున్నాను. దాంతో నీకు ఒరిగేది ఏమీ ఉండదని తెలుసు.

ఇప్పుడు మీ నాయన సంగతి.

చెప్పాను అయ్యప్పా. ఏడోరోజు మధ్యాహ్నం చెప్పాను. ఇంట్లో ఎవరూ లేరు. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాడు, తెలివితోనే ఉన్నాడు. అంతా విన్నాడు.  "అయితే నా బిడ్డను నేను ఊరికెనే తిట్టినానా?" అన్నాడు. ఆ మాట రెండుసార్లు అన్నాడు. నాకు అప్పటికి చెవులు బాగానే పనిచేసేవి.

ఇద్దరికీ ఫోను కలిపిస్తాను, నేనే చెబుతాను అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు అల్లుడా. వానికి చెప్పాకు. వానికి తెలిస్తే నా కూతురు కాపురం నిలబడదు. వాడు మొగోడు, యాడో ఒకచోట బతుకుతాండాడు. ఆడబిడ్డ ఏమైపోతాది?" అన్నాడు. మాట తీసుకున్నాడు. మరుసటిరోజు సాయంత్రం పోయాడు.

ఆ మాట వెనక నేను పదిహేనేళ్ళు దాక్కున్నాను. ఆయన వద్దన్నాడు కాబట్టే చెప్పడం లేదని నాకు నేను చెప్పుకున్నాను. నిజం ఏమిటంటే, వద్దు అని ఆయన నోట రాగానే నాకు ప్రాణం లేచివచ్చింది. ఆయన మాట తీసుకోకపోయినా నేను చెప్పేవాణ్ణి కాను.

నీ ఉత్తరం అందేదాకా ఇది కూడా దాచుకున్నాను. ఇక నా దగ్గర దాచిందేమీ లేదు.

సిద్ధయ్య


వఫ్రా
16 జూన్ 2024

బావగారికి,

మీ ఉత్తరం చదివి, మడిచి, మళ్ళీ చదివాను. ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. పదకొండు దాటితే బయట నిలబడలేము. షెడ్డులో కూలరు పక్కన కూర్చొని రాస్తున్నాను.

బాబా ఆ మూడో రైఫిలే తీసుకున్నాడు. రేంజిలో పేల్చాడు. గురి ఎక్కడో, గుండు ఎక్కడో. పగలబడి నవ్వాడు. దీవానియాలో గోడకు పెట్టించి, వచ్చినవాళ్ళందరికీ, ఇది మా అయ్యప్ప చూసి ఇచ్చింది అని చెబుతున్నాడు. మీ సంగతి ఆయనకు చెప్పలేదు. మీరు నా బావ. బయటివాళ్ళ ముందు మిమ్మల్ని తగ్గించాలనిపించలేదు.

అరుణజ్యోతి ఫోను చేసింది. మీ కాగితం చదివి వినిపించింది.  అవతల దాని బిడ్డ ఏడుస్తుంటే వింటూ కూర్చున్నాను. "నాయనా, ఉండావా?" అంది. ఉన్నానమ్మా అన్నాను. "నువ్వు వద్దంటివని నేను ఆగిపోయినా. నా మీద నమ్మకం ల్యాక అనుకుంటి" అంది. నీ మీద కాదమ్మా, నా మీద అన్నాను. ఈ ఒక్క మాట ఐదేళ్ళ ముందు అని ఉంటే దాని బతుకు వేరే దారిలో పోయేది. అది నేను మిమ్మల్ని అడగలేను. ఆ రోజు ఫోనులో వద్దన్నది నా నోరే.

అక్కతో మాట్లాడాను. మీతో మాట్లాడమని చెప్పాను. "నీ కోసం కాదు రా, నాకే మనసు రాలేదు" అంది. నేను ఒత్తిడి చేయలేదు. ఎప్పుడు మాట్లాడాలో ఆమె ఇష్టం. ఆమె కాపురం నిలబడాలనే కదా నాయన నన్ను వదులుకున్నాడు. అది నా వల్ల చెడిందనిపించుకోవడం మాత్రం నాకు ఇష్టం లేదు.

అక్టోబరులో సెలవు మీద వస్తున్నాను. మీ ఇంటికి వస్తాను. మిమ్మల్ని చూసినప్పుడు ఏం మాట్లాడతానో నాకే తెలియదు. మిమ్మల్ని క్షమించానని రాస్తే అబద్ధమవుతుంది. క్షమించనని రాయడానికీ చెయ్యి రావడం లేదు. ఏం మాట్లాడినా మీకు వినపడదు కాబట్టి కాగితం మీదే రాసి చూపించాలేమో.

నాయన సంగతి మాత్రం మీరు చెప్పినందుకు ఒక విధంగా మేలే జరిగింది. ఏడోరోజు మధ్యాహ్నం నుంచి ఎనిమిదోరోజు సాయంత్రం దాకా, ఆయన నేనెవరో తెలిసి ఉన్నాడు. నా తప్పు లేదని తెలిసి ఉన్నాడు. ఒక రోజు మీద ఒక పూట. అది నాకు చాలదు బావా. కానీ అది కూడా లేదనుకొనే ఇన్నేళ్ళు బతికాను.

అయ్యప్ప